కారు నలగాలా, నిలవాలా? గుద్దుకున్నప్పుడు ద్రవ్యవేగం, ప్రచోదనం చేసే పని

మీరు అడిగినవి నాలుగు సంగతులు. చెరో 50 కి.మీ. వేగంతో ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్న రెండు కార్లకు, 100 కి.మీ. వేగంతో గోడను గుద్దినంత దెబ్బ తగులుతుందా? లారీ, కారు ఒకదాని మీద ఒకటి వేసుకునే బలం సమానమే అయితే ప్రాణాలు కారులో వాళ్లవే ఎందుకు పోతాయి? పాత కార్ల రేకు అంత దిట్టంగా ఉండేది కదా, ఇప్పటివి అప్పడాల్లా నలగడం కంపెనీల పిసినారితనమేనా? చివరగా, పాఠ్యపుస్తకంలోని ఈ ద్రవ్యవేగం, ప్రచోదనం లెక్కలు బయట ఎక్కడైనా పనికొస్తాయా?

ముందు ఒక కారును తీసుకుని లెక్క వేద్దాం. బరువు 1000 కిలోలు, వేగం గంటకు 54 కి.మీ. ఈ 54 ఎందుకంటే, 3.6తో భాగిస్తే సరిగ్గా సెకనుకు 15 మీటర్లు వస్తుంది, నోటిలెక్కకు వీలు. దాని ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, 1000 × 15, అంటే 15,000. కారు ఆగాలంటే ఈ 15,000 సున్నా కావాలి. అలా చేసేది ప్రచోదనం, అంటే బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేది. ఎలా ఆపినా 15,000 న్యూటన్-సెకన్ల ప్రచోదనం ఇచ్చి తీరాలి. ఇందులో బేరం లేదు.

పొడి తారు రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే వేగం సెకనుకు దాదాపు 7 మీటర్ల చొప్పున తగ్గుతుంది. కారు 2.1 సెకన్లలో, 16 మీటర్ల దూరంలో ఆగుతుంది. బలం 7,000 న్యూటన్లు. అదే కారు కాంక్రీటు గోడను గుద్ది, ముక్కు 75 సెంటీమీటర్లు నలిగి ఆగిందనుకోండి. పట్టిన కాలం 0.1 సెకను, సగటు బలం 1,50,000 న్యూటన్లు. ముక్కు ఉక్కుదిమ్మలా ఉండి 10 సెంటీమీటర్లే నలిగితే కాలం 0.013 సెకనుకు పడిపోతుంది, బలం 11 లక్షల న్యూటన్లు దాటుతుంది. మూడు సందర్భాల్లోనూ ప్రచోదనం ఒక్కటే. బలం మాత్రం 160 రెట్లు మారింది. లోపల కూర్చున్న మనిషికి అది గురుత్వానికి వరసగా 0.7 రెట్లు, 15 రెట్లు, 115 రెట్లుగా తెలుస్తుంది.

కాలాన్ని పట్టుకుని ఆలోచించడం కంటే దూరాన్ని పట్టుకోవడం సులువు. సగటు బలం = ద్రవ్యరాశి × వేగం వర్గం ÷ (2 × ఆగిన దూరం). వేగం రెట్టింపైతే అదే బలంతో ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. కారు ముక్కేమో నాలుగింతలు పెరగదు. భద్రతా పరీక్షల్లో గంటకు 8 కి.మీ. తేడాకు అంత పట్టింపు అందుకే. 56 నుంచి 64కు పోతే వేగం పెరిగింది ఏడో వంతే, నలిగి మింగాల్సిన శక్తి మాత్రం 30 శాతం పైగా పెరుగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పైన చెప్పినవన్నీ సగటు బలాలు. నిజంగా గుద్దినప్పుడు బలం ఎగుడుదిగుడుగా ఉంటుంది. ముందు బంపరు వెనక దూలం, తరువాత చాసిస్‌లో, అంటే కారును మోసే చట్రంలో, ఉండే పొడవాటి పట్టీలు, ఆపైన ఇంజను దిమ్మ తగిలినప్పుడల్లా ఒక్కో శిఖరం వస్తుంది. బలం-కాలం గీత కింద ఉండే వైశాల్యమే ప్రచోదనం. గీత త్రిభుజంలా ఉంటే గరిష్ఠ బలం సగటుకు సరిగ్గా రెట్టింపు. 1954 డిసెంబరులో అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్ రాకెట్ బండి మీద కూర్చుని, గంటకు 1000 కి.మీ. దాటిన వేగం నుంచి 1.4 సెకన్లలో ఆగాడు. సగటున గురుత్వానికి 20 రెట్లు, శిఖరంలో 46 రెట్లు. బతికాడు. పట్టీలు బలాన్ని ఒళ్లంతా పంచాయి, ఆగడానికి చాలా మీటర్ల దూరం దొరికింది.

ఇక మొదటి ప్రశ్న. ఒకే రకం కార్లు రెండు, చెరో 50 కి.మీ. వేగం, ముఖాముఖి. ఒకదాని ద్రవ్యవేగం కుడివైపుకు ఎంతో రెండోదానిది ఎడమవైపుకు అంతే. కూడితే సున్నా. గుద్దుకున్న చోటే రెండూ ఆగుతాయి. సరిగ్గా ఆ చోట ఒక అట్టముక్క నిలబెట్టి ఉంచామనుకోండి, అటూ ఇటూ సమానంగా నెట్టడం వల్ల అది కదలదు. కదలని అట్టకీ గోడకీ మీ కారుకు తేడా తెలియదు. కాబట్టి ఇది 50తో గోడను గుద్దిన దెబ్బే, 100తో కాదు. మొత్తం శక్తి రెట్టింపే, కానీ దాన్ని మింగడానికి ముక్కులూ రెండున్నాయి. 100తో గోడను గుద్దితే నాలుగింతల శక్తిని ఒక్క ముక్కే మింగాలి.

సాపేక్ష వేగం 100 అన్న మాట అబద్ధం కాదు. అది సరిపోలేది గోడతో కాదు, న్యూట్రల్‌లో నిలబెట్టిన అలాంటి కారునే 100తో గుద్దడంతో. అప్పుడు రెండూ అతుక్కుని 50తో ముందుకు పోతాయి, ఒకటి 50 పోగొట్టుకుంటుంది, ఇంకోటి 50 తెచ్చుకుంటుంది. గాయాన్ని నిర్ణయించేది స్పీడోమీటర్ అంకె కాదు. గుద్దిన ఆ పదో వంతు సెకనులో మీ కారు వేగం ఎంత మారింది అన్నదే. పరిశోధకులు దీన్ని డెల్టా-వి అంటారు.

పరీక్షల్లో పిల్లలు తప్పు చేసేది కూడా ఇక్కడే. ఎదురుగా వచ్చే వేగానికి రుణ గుర్తు పెట్టరు. కారు గుద్దుకుని వెనక్కి ఎగిరితే ద్రవ్యవేగ మార్పు ఇంకా పెరుగుతుందని మరిచిపోతారు. గోడను 15తో గుద్ది 1.5తో వెనక్కి వస్తే మార్పు 13.5 కాదు, 16.5. వెనక్కి ఎగిరిన వేగాన్ని గుద్దిన వేగంతో భాగిస్తే వచ్చేది ప్రత్యావస్థాన గుణకం, అది 0.1 అంటే అర్థం ఇదే. పెద్ద వేగాల్లో కార్లకు అది ఆ దరిదాపుల్లోనే ఉంటుంది, నెమ్మదిగా తగిలితే ఎక్కువ. ఎగిరే కారు కంటే అతుక్కుపోయే కారు మనిషికి మేలు.

పైన చెప్పినదంతా నిండు ముఖాలు తగిలితేనే. రోడ్డు మీద చాలాసార్లు ఓవర్‌టేక్ చేయబోయి, చివరి క్షణంలో తప్పుకోబోయి, ఒక హెడ్‌లైట్ వైపు మాత్రమే గుద్దుకుంటాయి. రెండు చాసిస్ పట్టీల్లో ఒకటే మొత్తం మోయాలి. అది చాలక నలుగుడు డ్రైవరు కాళ్ల దాకా వస్తుంది. కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్, ముందు వైపు పరీక్షలో కారు వెడల్పులో 40 శాతం మాత్రమే, 64 కి.మీ. వేగంతో, తేనెపట్టులా గదులున్న అల్యూమినియం అడ్డుదిమ్మకు తగిలేలా పెట్టింది ఇందుకే.

రెండో ప్రశ్న, లారీ. సరుకుతో 16 టన్నుల లారీ, 1 టన్ను కారు, రెండూ 54 వేగంతో ఎదురెదురుగా. లారీ ద్రవ్యవేగం 2,40,000, కారుది ఎదురు దిశలో 15,000. మిగిలేది 2,25,000. దాన్ని 17 టన్నులతో భాగిస్తే సెకనుకు 13.2 మీటర్లు, లారీ పోతున్న వైపుకే. అంటే లారీ 15 నుంచి 13.2కు తగ్గింది. మార్పు 1.8, గంటకు 6 కి.మీ. చిల్లర. డ్రైవరుకు గట్టిగా బ్రేకు పడ్డట్టు ఉంటుంది. కారు మాత్రం 15తో ముందుకు పోతున్నది కాస్తా 13.2తో వెనక్కి నెట్టబడింది. మార్పు 28.2, అంటే గంటకు 100 కి.మీ. పైనే. బలం సమానం, కాలం సమానం, కాబట్టి ప్రచోదనమూ సమానమే, రెండింటికీ దాదాపు 28,200. న్యూటన్ తప్పేమీ చెప్పలేదు. కానీ బలం సమానమైతే గాయం సమానం కావాలని ఆయన అనలేదు. అదే ప్రచోదనాన్ని ఒకరు 16 టన్నులతో, ఇంకొకరు ఒక్క టన్నుతో పంచుకుంటున్నారు.

ఇది లారీకే కాదు, చిన్న కారు, పెద్ద ఎస్‌యూవీ మధ్య కూడా ఉంది. 800 కిలోల కారు, 1600 కిలోల బండి, చెరో 54. చిన్నదానికి డెల్టా-వి 72 కి.మీ., పెద్దదానికి 36. షోరూముల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ముందు పరీక్షలో కారు తన బరువునే, తన వేగాన్నే దిమ్మకు ఇస్తుంది, అంటే తనలాంటి కారునే గుద్దినట్టు. అందుకని చిన్న కారు 5 స్టార్లనూ, పెద్ద బండి 5 స్టార్లనూ పక్కపక్కన పెట్టి సమానమనుకోకూడదు. ఒకే బరువు తరగతిలో పోల్చుకోవడానికే స్టార్లు. అలాగని బరువే రక్ష అనుకుని గోడకో చెట్టుకో పోయి తగిలితే, అక్కడ మీ బరువు మీకు ఏమీ చేయదు, మీ ముక్కు మింగాల్సిన శక్తిని పెంచుతుంది అంతే.

మూడోది, పాత రేకు దిట్టం. నా మటుకు ఈ విషయంలో రాజీ లేదు. నలగని కారు అంటే తన దెబ్బను మీకు అప్పగించే కారు. ద్రవ్యవేగాన్ని ఏ రేకూ మింగలేదు, అది ఎదుటి బండికో భూమికో పోవాల్సిందే. రేకు మింగగలిగేది శక్తిని. మెర్సిడెస్ ఇంజనీరు బేలా బారెన్యీ 1950ల మొదట్లోనే చెప్పినది ఇదే: కారు మూడు ముక్కలు, ముందూ వెనకా నలగాలి, మనుషులున్న మధ్య గది నలగకూడదు. 1959లో ఆ పద్ధతిలో కారు మార్కెట్లోకి వచ్చింది. మూడు చోట్ల పట్టే సీటు బెల్టును వోల్వోలో నిల్స్ బోలిన్ తెచ్చినదీ అదే ఏడు.

ఇప్పటి కారు బానెట్ ఎత్తి చూస్తే బంపరు దూలం వెనక రెండు వైపులా చిన్న పెట్టెల్లాంటివి బోల్టులతో బిగించి ఉంటాయి. అవి క్రాష్ బాక్సులు. నెమ్మదిగా తగిలిన దెబ్బను అవే మింగి, మార్చుకుంటే సరిపోయేలా చేస్తాయి. వాటి వెనక పొడవాటి పట్టీల మీద కావాలనే నొక్కిన గాడులుంటాయి. దెబ్బ తగిలితే హార్మోనియం తిత్తిలా ఒకదాని తరువాత ఒక మడత పడడానికి. గాడులు లేకపోతే పట్టీ మధ్యలో ఒక్కచోట వంగి ఊరుకుంటుంది, దూరమంతా వృథా. తలుపుల ముందూ మధ్యా ఉండే స్తంభాలకు మాత్రం ఎర్రగా కాల్చి అచ్చులో చల్లార్చిన, బోరాన్ కలిపిన ఉక్కు వాడతారు. మామూలు రేకు కంటే అది ఎన్నో రెట్లు గట్టిది. గట్టిదనం పోలేదు, చోటు మారింది.

2009లో అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ 1959 నాటి షెవ్రోలే బెల్ ఎయిర్‌ను, 2009 మాలిబూను చెరో 64 కి.మీ. వేగంతో అర మొహాలు తగిలేలా గుద్దించింది. చూడ్డానికి ఓడలా ఉన్న పాత కారులో డ్రైవరు గది కుప్పకూలింది, స్టీరింగు వెనక్కి దూసుకొచ్చింది. డ్రైవరు సీటులో కూర్చోబెట్టిన పరీక్ష బొమ్మ నిజం మనిషైతే బతికేవాడు కాదు. కొత్త కారులో బొమ్మకు కాలి దగ్గర చిన్న దెబ్బ.

ఇప్పటిదాకా కారు ఆగడం గురించే చెప్పాను. మనిషి ఆగడం వేరే లెక్క. బెల్టు లేని 60 కిలోల మనిషి, డాష్‌బోర్డుకు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నాడు. కారు 15తో గోడను గుద్ది 0.1 సెకనులో ఆగుతోంది. అతన్ని ఆపేది ఏదీ లేదు కాబట్టి 15తోనే ముందుకు పోతాడు. 0.09 సెకను అయ్యేసరికి డాష్‌బోర్డును చేరతాడు. అప్పటికి కారు దాదాపు ఆగిపోయింది, ఇతను మాత్రం దానితో పోలిస్తే 13.4 మీటర్ల వేగంతో ఉన్నాడు. మూడంతస్తుల మేడ మీద నుంచి పడినట్టు. డాష్‌బోర్డు 5 సెంటీమీటర్లు లొంగిందనుకున్నా గురుత్వానికి 180 రెట్లు. కారు ముక్కు నలగడం వల్ల వచ్చిన 75 సెంటీమీటర్లూ అతనికి ఎందుకూ పనికిరాలేదు. బెల్టు పని మనిషిని కారుకు కట్టి, ఆ 75నూ అతని ఖాతాలో వేయడం. బెల్టు సాగి, అతను ముందుకు వంగే ఇంకో 25 సెంటీమీటర్లు కలిపితే మొత్తం మీటరు. అప్పుడు 11 రెట్ల చిల్లర. ఛాతీ, తుంటి ఎముకల మీద దాదాపు 690 కిలోల బరువు పడినట్టు. పక్కటెముక విరగొచ్చు, బతుకుతాడు.

బెల్టు వదులుగా ఉంటే పోయేది ఆ దూరమే. మంచి బెల్టులో ప్రిటెన్షనర్ చిన్న మందుగుండుతో కొన్ని మిల్లీసెకన్లలో వదులును లాగేస్తుంది, తరువాత లోడ్ లిమిటర్ బలం ఒక హద్దు దాటకుండా కొంచెం కొంచెంగా వదులుతుంది. సీటు బాగా వెనక్కి వాల్చి పడుకుంటే కింది పట్టీ తుంటి ఎముక మీద నుంచి జారి కడుపులోకి దిగుతుంది, పేగులు, కాలేయం నలుగుతాయి. పట్టీ మెలి తిరిగి ఉంటే అదే బలం సగం వెడల్పు మీద పడుతుంది. ఒడిలో పది కిలోల పిల్ల ఉంటే, కారు 15 రెట్లతో ఆగుతున్నప్పుడు ఆ పిల్లను పట్టుకోవడానికి 150 కిలోల పట్టు కావాలి. ఏ తల్లి చేతులకూ అంత బలం ఉండదు, అది ప్రేమకు సంబంధించిన విషయం కాదు. వెనక సీటులో బెల్టు పెట్టుకోని మనిషి ముందు సీటులో వాళ్ల వీపు మీదికి 13 మీటర్ల వేగంతో వస్తాడు. బీప్ శబ్దం ఆగడానికి బకిల్‌లో పెట్టే ఉత్త క్లిప్పుల గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఎయిర్‌బ్యాగు బెల్టుకు తోడు, బదులు కాదు. దెబ్బ తగిలిన 15–20 మిల్లీసెకన్లలో కంప్యూటరు తేల్చుకుంటుంది, ఇంకో 30లో సంచి నిండుతుంది, వెంటనే చిల్లుల గుండా గాలి వదులుతూ తలను ఆపుతుంది. నిండుతున్న సంచికి తల అడ్డొస్తే అదే ఆయుధం. అందుకే ఛాతీకీ స్టీరింగు మధ్యకీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటును ఎయిర్‌బ్యాగున్న ముందు సీటులో పెట్టకూడదు. డాష్‌బోర్డు మీద కాళ్లు చాపుకోవడమంటే తొడ ఎముకలను ఆ సంచికి అప్పగించడం.

బుల్ గార్డుల సంగతీ ఈ లెక్కే. ఉక్కు గొట్టాన్ని నేరుగా చాసిస్‌కు బిగిస్తే బలం క్రాష్ బాక్సును దాటుకుని పోతుంది. గుద్దుడు ఎలా ఉందో సెన్సారుకు అందే లెక్క మారిపోతుంది, సంచి తొందరపడొచ్చు, ఆలస్యమూ కావచ్చు. రోడ్డు దాటేవాళ్లకు అయితే అది నలగని ఇనుము. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. అయినా అమ్ముతూనే ఉన్నారు.

మన హైవేల మీద ఇంత ఇంజనీరింగునూ వృథా చేసేది ఒకటుంది, ఆగి ఉన్న లారీ. విజయవాడ దారిలోనైనా, బెంగళూరు దారిలోనైనా తెల్లవారుజామున వచ్చే వార్త ఇదే. లారీ బాడీ అంచు కారు బానెట్ కంటే ఎత్తులో ఉంటుంది. బానెట్ కిందికి దూరిపోతుంది, క్రాష్ బాక్సులకూ పట్టీలకూ ఏమీ తగలదు, మొదట తగిలేది అద్దం, ఆ వెనకే మీ తల. సెన్సారుకు సరైన దెబ్బ అందకపోతే సంచీ ఆలస్యమే. 5 స్టార్లు వచ్చినా ఇక్కడ పెద్దగా పనికిరావు. లారీ వెనక కిందికి వేలాడే అడ్డుదూలం చట్టప్రకారం ఉండాల్సింది ఇందుకే. అది తుప్పు పట్టి, పైకి వంగి, తాడుతో కట్టి ఉన్న లారీలు ఎన్నో కనిపిస్తాయి. దూలం గట్టిగా, కారు బంపరు ఎత్తులో ఉంటే కారు ముక్కుకు నలిగే అవకాశం వస్తుంది.

చివరి ప్రశ్న, ఈ లెక్కలు ఎక్కడ వాడతారని. ప్రమాదం ఎలా జరిగిందో తేల్చేటప్పుడు. నాలుగురోడ్ల కూడలిలో తూర్పుకు పోయే 1200 కిలోల కారు, ఉత్తరానికి పోయే 1000 కిలోల కారు గుద్దుకుని అతుక్కుని, తూర్పుకు 37 డిగ్రీలు ఉత్తరంగా 9 మీటర్లు జారి ఆగాయనుకోండి. పొడి రోడ్డు ఘర్షణ గుణకం 0.7. జారుడు మొదలైనప్పటి వేగం √(2 × 0.7 × 9.8 × 9), అంటే సెకనుకు 11.1 మీటర్లు. దాన్ని తూర్పు 8.9, ఉత్తరం 6.7గా విడగొట్టాలి. తూర్పు ద్రవ్యవేగమంతా మొదటి కారుదే: 2200 × 8.9 ÷ 1200, సెకనుకు 16.3, గంటకు దాదాపు 59 కి.మీ. ఉత్తరానిదంతా రెండోదానిది: 14.7, అంటే 53 కి.మీ. ‘నేను 30లోనే వచ్చాను సార్’ అన్న మాట అక్కడ నిలవదు.

ఈ పద్ధతి చెల్లేది గుద్దుకునే పదో వంతు సెకనులో రోడ్డు ఘర్షణ ఇచ్చే ప్రచోదనం చిన్నది కాబట్టి. పై ఉదాహరణలో అది 1,500, మొత్తం 24,400లో 6 శాతం. నెమ్మదిగా తగిలిన బళ్లకు ఈ వాటా పెరిగి లెక్క చెడుతుంది. తడి రోడ్డు అయితే 0.7 పెట్టకూడదు, 0.4కు దించితే వేగాలు నాలుగో వంతు తగ్గిపోతాయి. గుద్దుకున్న తరువాత చక్రాలు లాక్ కాక దొర్లినా అంతే. కొలత టేపు కంటే ముందు చూడాల్సినవి రోడ్డు తడి, టైర్ల గుర్తులు.

ఒకసారి నలిగిన ముక్కు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది దీనితోనే. క్రాష్ బాక్సు, పట్టీలు ఒక్కసారి వాడుకునేవి. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, సుత్తితో సాపు చేసి, పుట్టీ రాసి రంగు కొడితే చూడ్డానికి కొత్తదే. కాల్చినచోట ఉక్కు మెత్తబడుతుంది, గాడులు మాసిపోతాయి, ఈసారి గుద్దితే ఎక్కడ మడత పడుతుందో ఎవరూ చెప్పలేరు. బానెట్ ఎత్తి, అప్రాన్ (ముందు చక్రం పైన ఉండే లోపలి రేకు) బోల్టుల తలల మీద రెంచి గీతలున్నాయా, రెండు వైపుల పట్టీల గాడులు ఒకేలా ఉన్నాయా, అతుకు సీలెంట్ చేత్తో పూసినట్టుందా చూడండి. బెల్టును పూర్తిగా లాగి చూడండి, తెగిన దారాలు, కరిగిన మరకలు ఉంటే అది ఒకసారి మనిషిని ఆపిన బెల్టు, మార్చాలి. తాళం ఆన్ చేసినప్పుడు ఎయిర్‌బ్యాగు దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. వెలుగుతూనే ఉంటే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే దీపం తీసేశారని, సంచి లోపల లేకపోవచ్చని అనుకుని, స్కానర్ పెట్టించి చూశాకే బయానా ఇవ్వండి.